గవాచి మూసిన చలికాలం

తాను పనిచేసే ఇంటి ముసలామె పెద్దమామాను మట్టి చేసినాక మా అమ్మ ఒక గుడ్డల మూట, ఒక ఇనప పట్టకారు ఎత్తుకోని మా ఇంటికి వచ్చేసింది. పట్టకారు యాలమ్మా అంటే, "ఆడుంటే పారేస్తారు మే, ఇంగా గట్టిగానే ఉంది" అనింది. మాది తబూక్‌లో బజారు వెనక సందు, రెండు గదుల ఇల్లు. మా ఆయన బాషా దర్జీ. మాకే ఇరుకు, అయినా అమ్మకు కిటికీ కింద పరుపేసినాము. ఆ పొద్దు నుంచి నాకు ఒకటే తంతు. సౌదీ అంటే ఎండ అనుకుంటారు గానీ, ఈడ చలికాలం తెల్లారి కొళాయి తిప్పితే ఒక్కోసారి నీళ్ళు రావు, గడ్డకట్టుకోని ఉంటాయి. మేము కరెంటు హీటరు పెట్టుకోని తలుపులన్నీ బిగించుకోని కూచుంటామా, అమ్మ మెల్లగా లేచి కిటికీ జానెడు తెరుస్తాది. నేను మూస్తా. వంటింట్లోకి పోయి వచ్చేలోపల మళ్ళా తెరిచి ఉంటాది. మా ఆయన ఒకపొద్దు నవ్వతా, "ఏమత్తా, తబూక్ ఊరంతటికీ మన హీటరే వెచ్చ చేయల్లనా? ఇది కరెంటుది, పొగ రాదు కదత్తా" అన్నాడు. "బొగ్గులకు గూడా పొగ రాదు నాయనా" అనింది అమ్మ. ఆయనకు అర్థం కాలేదు. నేను మాత్రం ఆ పొద్దు కిటికీ మూయలేదు. ఆ చలికాలం సంగతి ఆయనకు నేను ఎప్పుడూ సరిగా చెప్పలేదు. చెప్పను కూచుంటే ఒకటి మొదలుపెట్టి ఇంగోదాంట్లోకి పోతా, ఆయనకు ఓపిక ఉండదు. అందుకే రాసిపెడతాండా. నా చదువు నాలుగో తరగతి, అదీ జమ్మలమడుగు పక్కన పల్లెలో. రాతలో తప్పులుంటే సర్దుకోండి.

మేము దూదేకులోళ్ళం, ఇంట్లో తెలుగే. మా నాయన దస్తగిరి ముందుగా వచ్చి తబూక్ బయట ఒక గోధుమల తోటలో నీళ్ళ ఇంజన్లు చూసుకుంటా, బండి తోలతా ఉండె. అట్లాంటి పనోళ్ళకు పెండ్లాం బిడ్డల్ని తెచ్చుకోను ఎవురిస్తారు వీసా? మాకు మాత్రం ఇచ్చినారు. నాయన గొప్పతనం చూసి కాదు. ఆ తోట యజమాని తల్లికి ఒక పొయ్యి ఉండె. దాన్ని ఆరిపోనీకుండా చూసుకోను ఒక ఆడమనిషి కావాల్సొచ్చె. అంతకుముందు వచ్చినోళ్ళు ఎవురూ ఆ పొగలో నిలబళ్ళేదంట. యజమాని మా నాయనను పిలిచి, "నీ పెండ్లాం కట్టెల పొయ్యి ఊదుతాదా?" అని అడిగినాడంట. "పుట్టినకాడి నుంచి అదే పని బాబా" అన్నాడంట నాయన. అట్ల అమ్మ, నేను, చంకలో మా తమ్ముడు కాసీం, ముగ్గురం ఒక పొయ్యి పుణ్యాన విమానం ఎక్కినాము. అమ్మ ఈ మాట నవ్వతా చెప్పేది గానీ, ఆ నవ్వు వెనకాల భయం కూడా ఉండేది. పొయ్యి ఉంటే మేముంటాం. పొయ్యి పోతే మేమూ పోతాం.

యజమానిని పనోళ్ళంతా బాబా అనేవాళ్ళు, యజమానురాలిని మామా. ఆ ఇంట్లో మామాలు ఇద్దరు కాబట్టి మేము మాలో మేము ముసలామెను పెద్దమామా అని, కోడల్ని చిన్నమామా అని అనుకునేవాళ్ళం. పెద్దమామా గది ఇంటికి ఒక కొసన ఉండె. పాత ఇల్లు పడగొట్టి కొత్తది కట్టేటప్పుడు ఆ ఒక్క గది మాత్రం పడగొట్టనీలేదంట. మట్టిగోడలు, తాటిదూలాల కప్పు, నేలలో తొట్టి మాదిరి గుంత తీసి, చుట్టూ గట్టు కట్టి, దాంట్లో నిప్పు. దాన్ని వాళ్ళు వుజార్ అనేవాళ్ళు. పైన కప్పుకు చదరంగా ఒక బొక్క, దాని నుంచే వెలుతురూ వచ్చేది, పొగా పోయేది. అమ్మ మొదటిపొద్దు గదిలోకి పోయి తల పైకెత్తి చూసి, "మే హుసేనీ, మన మిద్దెలో గవాచి! అదో చూడు!" అని చిన్నపిల్ల మాదిరి చప్పట్లు కొట్టింది. మా పక్క మట్టిమిద్దెలకు గవాచి ఉంటాది కదా, వానొస్తే నాపరాయి అడ్డం పెడతాము, అచ్చం అదే. భాష రాని దేశంలో అమ్మకు తెలిసిన మొట్టమొదటి వస్తువు అది.

పెద్దమామా తెల్లారి నమాజు కాంగానే పొయ్యి ముందర కూచుంటే మళ్ళా రాత్రి ఇశా నమాజు దాకా అక్కడే. ఆయమ్మ గుడ్డలకు, వెంట్రుకలకు, చేతులకు, ఆఖరికి నా చేతిలో పెట్టే ఖర్జూరానికి గూడా పొగ వాసనే. పచ్చి కాఫీ గింజలు పొడుగు కాడ ఉన్న ఇనప గరిటెలో పోసి నిప్పుల మీద అల్లాడించేది. అవి పచ్చగా ఉండంగనే దించేసి, యాలకులు ఏసి రోట్లో దంచేది. ఆ రోలు చప్పుడు వింటే పక్క తోటల ఆడోళ్ళు వచ్చేవాళ్ళు. పిండి కలిపి రొట్టె తట్టి నేరుగా నిప్పుల కింద పూడ్చేది, తీసినాక బూడిద అరచేత్తో పటపటా తట్టి మా తమ్మునికి ఊది ఊది పెట్టేది. అమ్మ పని కట్టెలు చీల్చడం, ఎంత మంట ఉండల్లనో అంత పెట్టడం, బూడిద ఎత్తిపోయడం. అమ్మ కట్టె సరిగా పెట్టకపోతే పెద్దమామా తిట్టదు, తన కాలి బొటనవేలితోనే దాన్ని నెట్టి సరిచేసేది. ఆ వేలు కాలి కాలి నల్లగా గొరిజె మాదిరి అయిపోయి ఉండె. కాసీం ఆ వేలు పట్టుకోని ఆడుకునేవాడు.

చిన్నమామా మదీనా ఊరి మనిషి. చదువుకునింది, మంచిదే, నాకు తన కూతురి పాత గౌన్లు ఇచ్చేది. కానీ ఆ పొగంటే పడదు. కొత్తింట్లో తెల్ల పరదాలు ఏసుకుంటే నెల తిరక్కుండానే అవి టీ నీళ్ళ రంగుకు వచ్చేవి. "బజారులో సోబాలు వచ్చినాయి. ఇనప డబ్బా, మూత ఉంటాది, గొట్టం ఉంటాది, పొగంతా బయటికి పోతాది. పొద్దున కట్టె పడేస్తే సందకాడ దాకా చూడాల్సిన పని లేదు. మనిషే అక్కర్లేదు" అని మొగుడితో అంటాండె. మనిషే అక్కర్లేదు అనే మాట వచ్చినప్పుడంతా అమ్మ నా పక్క చూసేది. పెద్దమామా మాత్రం, "నేను సచ్చినాక నా గోరీ మీద పెట్టుకోండి మీ డబ్బా" అనేది. బాబా తల్లికి, పెండ్లానికి మధ్య తల వంచుకోని కాఫీ తాగి పోయేవాడు. అట్లా పొగకు దగ్గుతా, కండ్లు ఎర్రగా చేసుకుంటా, మా అమ్మ ఆ పొయ్యి చల్లగుండల్లని రోజూ దువా చేసేది. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తాది, అప్పుడు నవ్వు రాలేదు.

అట్ల ఉండంగా కువైట్ యుద్ధం వచ్చింది. మాకు దగ్గరలోనే యుద్ధ విమానాలుండె, అవి లేస్తే ఇంట్లో గిన్నెలు గలగలా కొట్టుకునేవి. పెద్దోళ్ళు రేడియో చుట్టూ కూచోని వినేవాళ్ళు. కువైట్‌ను పట్టుకున్నోడు విషవాయువు ఏస్తాడంట, వాసన రాదంట, కంటికి కనపడదంట, పీలిస్తే కూచున్నోడు కూచున్నట్టే పోతాడంట. అందరి నోట్లో అదే మాట, ఘాజ్, ఘాజ్. బాబా యాడి నుంచో మాస్కులు తెచ్చినాడు, వాళ్ళింట్లోళ్ళకు సరిపోయినాయి. మాకు తడిగుడ్డలు మూతికి కట్టుకోమని చెప్పినారు. నాయన ఊరికి పోదామన్నాడు గానీ విమానాలు లేవు. బాబా ప్లాస్టిక్ పట్టలు, గోధుమరంగు టేపు కట్టలు తెచ్చి కిటికీలన్నీ అంటించినాడు. చివరకు పెద్దమామా గదికొచ్చినాడు. తల పైకెత్తి గవాచి చూసినాడు.

నాయనే మిద్దె ఎక్కినాడు. ప్లాస్టిక్ రెండు పొరలేసి, పైన చెక్క పెట్టి, ఇసుక మూటలు పెట్టినాడు. గదిలో చీకటైపోయింది, ఒక బల్బు ఏలాడేసినారు. "మరి పొగ యాడికి పోతాది బాబా?" అని నాయన అడిగినాడు. "కట్టెలొద్దు. బొగ్గులు పెట్టండి, బొగ్గులకు పొగ రాదు" అన్నాడు బాబా. ఆ మాట అందరికీ సరే అనిపించింది. నాయనకు సరే అనిపించింది, అమ్మకు సరే అనిపించింది, చిన్నమామాకు మరీ సంతోషం, పరదాలు తెల్లగుంటాయని. పెద్దమామా ఒక్కతే, "మంట లేకుంటే దాన్ని పొయ్యంటారా?" అని గొణిగింది, అదీ ప్రాణభయంతో కాదు, మంట చూడలేనని. గాలిలో వచ్చే విషానికి భయపడి అందరం గదిని డబ్బా మాదిరి మూసేసి, దాని నడిమధ్యన ఒక గంప బొగ్గులు రాజేసినాము. ఇంటిల్లిపాదీ కలిసి చేసిన పని అది, ఒక్కరికీ తట్టలేదు.

తలుపు తెరిచి మూస్తా ఉన్నంత కాలం గాలి ఆడి ఎట్లనో గడిచిపోయింది. పెద్దమామా తల నొస్తాంది అనేది. అమ్మకు కూడా నొచ్చేది. యుద్ధం దిగులు అనుకున్నారు. చిన్నమామా మాత్రలు ఇచ్చేది. కాసీం ఆ గదిలో ఎక్కువసేపు నిద్రపోతాండె, "ముసలామె వళ్ళో వెచ్చగా ఉంది కదా" అని అమ్మ మురిసిపోయేది.

ఆ పొద్దు సాయంత్రం అసర్ నమాజు అయినాక సైరన్ కొట్టింది. నేను, అమ్మ వంటింట్లో బియ్యం ఏరతా ఉండాము. కాసీం పెద్దమామా దగ్గరుండె. బాబా నడవలోకి ఉరికి వచ్చి అరిచినాడు, "ఎవురున్న చోట వాళ్ళుండండి! ఒక్క తలుపు తెరవద్దు! తువ్వాలలు తడిపి తలుపుల కింద పెట్టండి!" చిన్నమామా, పిల్లలు మాస్కులేసుకోని లోపలి గదిలోకి పోయినారు. పెద్దమామా గది తలుపు మూసుకునింది, లోపల నుంచి ఆయమ్మే తువ్వాల తోసింది, నాకు కనపడింది తడి తువ్వాల కొస. వంటింటికీ ఆ గదికీ మధ్య నడవే. అమ్మ వంటింటి తలుపు సందులో మూతి పెట్టి అడుగుతాండె, "యా మామా, కాసీం ఏడుస్తాండాడా?" "లేదు, పండుకున్నాడు" అని పెద్దమామా గొంతు వచ్చె. కొంచేపు ఆగి అమ్మ మళ్ళా అడిగె. "ఊఁ" అనె. మళ్ళా అడిగె. జవాబు రాలేదు.

"నిద్రపోయిందేమో మా" అన్నా నేను. "సైరన్ కొడతాంటే ఎవురు నిద్రపోతారు మే" అనింది అమ్మ. లేచి వంటింటి తలుపు తెరిచేసింది. నేను కొంగు పట్టుకోని వెనకాలే పోయినా. పెద్దమామా తలుపుకు పైన ఒక చిన్న గాజు పలక ఉండె. అమ్మ మునివేళ్ళ మీద నిలబడి చూసింది. నన్నెత్తలేదు, కానీ అమ్మ ముఖం చూసి నాకు తెలిసిపోయింది. లోపలి గది నుంచి బాబా కూడా వచ్చినాడు, ముఖానికి మాస్కు, మిడుత మాదిరి కండ్లు. ఆయన కూడా చూసినాడు. తల్లి పక్కకు ఒరిగిపోయి ఉంది, వళ్ళో పిల్లోడి తల వెనక్కి ఏలాడతాంది. మాస్కులో నుంచి ఆయన అరుపు బావిలో నుంచి వచ్చినట్టు వచ్చింది. "ఘాజ్! గదిలోకి ఘాజ్ వచ్చింది!"

ఇప్పుడు చెప్పేది నేను కండ్లారా చూసింది. బాబా జేబులో నుంచి టేపు కట్ట తీసినాడు. తలుపు తెరవలేదు. తలుపుకూ చౌకట్టుకూ మధ్య సందును బయట నుంచి టేపుతో అంటిస్తా పోయినాడు, పై నుంచి కిందికి, మళ్ళా అడ్డంగా. టేపు చర్‌మని చప్పుడు చేస్తాంది, మాస్కు లోపల ఏడుస్తాండాడు. ఆయన పిల్లలు పక్క గదిలో ఉండారు. తల్లి పోయిందనుకున్నాడు. ఆ విషం ఈ పక్కకు రాకూడదు అనుకున్నాడు. ఈ వయసులో నాకు అది అర్థమవుతాది, ఇద్దరు బిడ్డల తల్లిని కదా నేను గూడా. ఆ పొద్దు మాత్రం నాకు అర్థమైంది ఒకటే, మా తమ్ముణ్ణి లోపల పెట్టి మూస్తాండాడని.

"బాబా, నా బిడ్డ" అనింది అమ్మ తెలుగులో. అరబ్బీ మాటలు నోటికి రాలేదు. "మౌత్! ఖలాస్!" అన్నాడాయన, చచ్చిపోయినారు, అయిపోయింది అని. అమ్మ మూతికి కట్టుకున్న తడిగుడ్డ జారిపోయి మెడలో ఉండె. ఆయన్ను రెండు చేతులతో తోసేసింది. మొగోణ్ణి, అదీ కఫీల్‌ను, మన వీసా, మన పాస్‌పోర్టు చేతిలో పెట్టుకున్నోణ్ణి! ఆయన గోడకు కొట్టుకున్నాడు. అమ్మ టేపు గోళ్ళతో పీకింది, టేపుతోబాటు తలుపుకున్న ఆకుపచ్చ రంగు గూడా పట్టె పట్టెలుగా లేచొచ్చింది. "మజ్నూనా! పిచ్చిదానా! అందర్నీ చంపుతావు!" అని ఆయన అరుస్తానే ఉండె. అమ్మ తలుపు నెట్టుకోని పోయింది. ఊపిరి బిగబట్టి పోయిందో, బిగబట్టాలని గుర్తే లేదో, నాకు తెల్దు. కాసీంను నా చేతుల్లోకి విసిరినట్టే ఇచ్చి, "వసారాలోకి ఉరుకు!" అనింది. పిల్లోడు తడిసిన గోనెపట్ట మాదిరి ఉండాడు. నేను ఉరికినా. అమ్మ పెద్దమామా చంకల కింద చేతులు పెట్టి, రొట్టెల పీట, కాఫీ చెంబులు దొర్లించుకుంటా, నడవంతా ఈడ్చుకోని వచ్చింది. బయట మంచు మాదిరి గాలి. సైరన్ ఇంగా కొడతానే ఉంది. నేను తల పైకెత్తి ఆకాశం చూసినా, ఏమీ లేదు, ఒక పిట్ట గూడా లేదు. కాసీం ముందు కక్కుకున్నాడు, ఆ తర్వాత ఏడ్చినాడు. వాడి ఏడుపంత మంచి చప్పుడు నేను మళ్ళా వినలేదు, నా బిడ్డలు పుట్టినప్పుడు గూడా.

సైరన్ ఆగినాక నాయన బండిలో ఆస్పత్రికి పోయినారు. అమ్మా పోయింది, అమ్మకూ కండ్లు తిరుగుతాండె. ఒక సూడాన్ డాక్టరు పెద్దమామాకు, కాసీంకు గాలి పెట్టి, "ఏం కాల్చినారు గదిలో?" అని అడిగినాడంట. బొగ్గులు అంటే, "గాలి పోయే దోవ?" అన్నాడంట. బాబా నేలకేసి చూస్తా, "నేనే మూసినా" అన్నాడంట. నాయన ఈ మాట ఇంటికొచ్చి చెప్పినాడు. మేము ఎదురుచూసిన విషం ఆకాశంలో నుంచి రాలేదు, మా పొయ్యిలో నుంచే వచ్చింది.

ఆ మరుసటి వారమే సోబా వచ్చింది. నల్ల ఇనప డబ్బా, నాలుగు కాళ్ళు, ముందర చిన్న తలుపు, పైన పొడుగు గొట్టం. మొదట వుజార్‌ను పగలగొట్టల్ల. ఆ పని మా నాయనకే చెప్పినాడు బాబా. నాయన గడ్డపార ఎత్తుకోని గదిలోకి పోతే, పెద్దమామా పొయ్యి ముందర రోజూ కూచునే చోటనే కూచోని ఉంది. లెయ్యమ్మా అని నాయన బతిమాలినాడు. లేవలేదు. బాబా వచ్చి చెప్పినాడు. లేవలేదు. "కొట్టు" అనింది నాయనతో. నాయన గట్టు మీద మెల్లగా కొట్టినాడు, మట్టిపెళ్ళ లేచి ఆయమ్మ వళ్ళో పడింది. ఏండ్ల నాటి బూడిద లేచింది. ఆయమ్మ రెప్ప గూడా ఆర్చలేదు. నాయన ప్రతి దెబ్బకు "మాఫ్ చేయి మామా, మాఫ్ చేయి" అంటానే కొట్టినాడు. నేను గడప కాడ నిలబడి చూస్తాండా. అమ్మ నా పక్కన నిలబడి, పగిలే పొయ్యిని చూస్తా, "మే, మన మూట కట్టుకోవాల్సిందే" అనింది చిన్నగా.

అమ్మ భయం ఊరికే కాదు. ఆస్పత్రి నుంచి వచ్చినప్పటి నుంచి బాబా అమ్మ ముఖం చూడలేదు. అమ్మ నడవలో ఎదురొస్తే ఆయన వేరే గదిలోకి తిరిగేవాడు. చిన్నమామా ఒకపొద్దు అమ్మను కూచోబెట్టి మెత్తగానే చెప్పింది, "మస్తానా, నువ్వు మేలు చేసినావు, కాదనను. కానీ ఆ పొద్దు నిజంగా ఘాజ్ అయ్యుంటే? నా బిడ్డలు చచ్చిపోయేవాళ్ళు. చెప్పిన మాట విననిదాన్ని యుద్ధంలో ఇంట్లో ఎట్లా పెట్టుకోను? సోబా వచ్చింది, మనిషి పని గూడా లేదు. విమానాలు తిరిగితే బాబా ఎగ్జిట్ కొట్టించి మిమ్మల్ని ఊరికి పంపుతాడు." అమ్మ తల ఊపింది. బయటికొచ్చి నాయనతో అనింది, "ఆయమ్మ చెప్పింది న్యాయమే. అది గాదు గానీ, ఆయప్పకు నేను కండ్లముందర ఉంటే తలుపే కనపడతాది. అందుకే పంపుతాండాడు." "ముసలామెకు చెప్పు మరి, కొడుకు ఏం చేసినాడో" అన్నాడు నాయన. అమ్మ నాయన మీదికి లేచింది. "తల్లికీ బిడ్డకూ మధ్యన నేను పొయ్యేదా? నోరు మూసుకో. హుసేనీ, నువ్వు గూడా." నేను గూడా నోరు మూసుకున్నా. నాకు అది మహా కష్టం, మీకు తెలుసు కదా ఇప్పటికే.

సోబాను అమ్మే రాజేసేది. పెద్దమామా దానికి వీపు పెట్టి కూచునేది. దాని మీద కాచిన కాఫీ ముట్టలేదు, నీళ్ళు, ఖర్జూరం, అంతే. పక్క తోటల ఆడోళ్ళు వచ్చి చేతులు చాపి వెచ్చ చేసుకోని, మాటలు దొరక్క లేచిపోయేవాళ్ళు. నిప్పు కనపడితే అందరూ దాన్నే చూస్తా ఏదో ఒకటి మాట్లాడతారు, డబ్బా చూసి ఏం మాట్లాడతారు. పొగ లేదు, నిజమే. అమ్మ దగ్గు తగ్గింది, కండ్ల ఎరుపు పోయింది. పరదాలు తెల్లగుండాయి. గది మాత్రం ఎవురో చచ్చిపోయిన ఇల్లు మాదిరి అయిపోయింది.

విమానాలు తిరిగినాయని తెలిసిన పొద్దు బాబా మద్యానం భోజనమైనాక తల్లి గదికి వచ్చినాడు. అమ్మ సోబాలో కట్టె పెడతా ఉంది, నేను కాసీంను ఆడిస్తా ఉండా. అమ్మను చూడకుండానే తల్లితో అన్నాడు, "యుమ్మా, వీళ్ళను పంపిస్తాండా. వచ్చే శుక్రవారం జుమ్మా అయినాక."

పెద్దమామా లేచింది. మోకాళ్ళు పట్టుకోని, గోడ పట్టుకోని, తలుపు దాకా నడిచింది. తలుపును లోపలికి తిప్పి, బయటి పక్క మాకు కనపడేట్టు పెట్టింది. ఆకుపచ్చ రంగు లేచిపోయి పట్టెలు పట్టెలుగా ఉంది కదా, ఆ పట్టె మీద వేలు పెట్టి పై నుంచి కిందికి రాసింది. ఆ తర్వాత అడ్డంగా. టేపు పోయిన దోవనే పోయింది వేలు. "కిటికీలకు లోపల పక్క అంటించినావు" అనింది. "దీనికి బయటి పక్క."

బాబా ముఖంలో నెత్తురు లేదు. "యుమ్మా, నువ్వు పోయినావనుకున్నా. పిల్లలు..." అన్నాడు.

"తెలుసు" అనింది ఆయమ్మ. "నీ పిల్లల కోసం చేసినావు. నేనైనా అదే చేసుంటా. నిన్ను తిట్టను." వచ్చి తన చోట కూచుంది. అమ్మ కట్టె చేతిలో పట్టుకోని అట్లనే నిలబడిపోయింది. "కానీ నీ మాట వినేవాళ్ళు ఈ ఇంట్లో శానామంది ఉండారు, నీ పెండ్లాం, నీ పిల్లలు, నీ పనోళ్ళు, నేను. నీ మాట విననిది ఒకతె ఉండల్ల. దీన్ని పంపితే నన్నూ పంపు."

బాబా తలుపు మెల్లగా దగ్గరికేసి, మూయకుండా, పోయినాడు. జుమ్మా వచ్చింది, పోయింది. ఎగ్జిట్ మాట మళ్ళా ఎవురూ ఎత్తలేదు. అమ్మ ఆ ఇంట్లో పెద్దమామా పోయినదాకా ఉండింది. నాయన ఆరోగ్యం చెడి కాసీంతో ఊరికి పోయినాక గూడా ఉండింది. నా పెండ్లి ఆ తోటలోనే చేసినారు, బాబానే ముందర నిలబడి. ఆయనకూ అమ్మకూ మధ్య మాటలు మాత్రం ఎప్పుడూ రెండు మూడే.

అప్పటికీ ఇప్పటికీ ఏం మారింది అంటే ఏం చెప్పేది. ఇప్పుడు మా ఇంట్లో మీట నొక్కితే వేడి, మీట నొక్కితే మంట. నా పిల్లలకు కట్టె వాసన తెల్దు, దగ్గూ తెల్దు. అది మేలు కాదని నేను అనను, పొగలో పెరిగినోళ్ళెవురూ అనరు. కానీ ఆ గదిలో నిప్పును చూసుకోను ఒక మనిషి ఉండేది, ఆ మనిషి పక్కన ఇంగో మనిషి కూచునేది, ఎవురు ఎట్లుండారో ఒకరికొకరికి తెలిసేది. మా ఇంట్లో ఇప్పుడు నేనొక గదిలో, మా ఆయన ఒక గదిలో, వెచ్చగానే ఉంటాము.

మొన్న అమ్మకు తల దువ్వతా అడిగినా. ఎప్పటి నుంచో అడగల్లనుకుంటాండా, అడగలేకపోతాండా. "మా, ఆ పొద్దు కాసీం లోపల లేకుంటే, ముసలామె ఒక్కతే ఉండుంటే, తలుపు తెరిచేదానివా?"

అమ్మ దువ్వెన తన చేతిలోకి తీసుకోని, దాంట్లో వెంట్రుకలు ఒక్కొక్కటే తీస్తా కూచుంది.

"ఆయమ్మ గూడా ఇదే అడిగింది" అనింది. "బాబా పోయినాక, నువ్వు కాసీంను బయటికి ఎత్తుకోని పోయినావు, అప్పుడు. ఇద్దరమే ఉండాము."

"ఏం చెప్పినావు?"

"తెల్దు మామా అని చెప్పినా. అబద్ధం చెప్పేదానికి ధైర్యం చాల్లేదు."

"అయ్యో మా! ఆయమ్మ ఏమనింది?"

"ఏమంటాది. వల్లా, ఒట్టేసి చెప్తాండా, నాకూ తెల్దు అనింది. కాఫీ పొయ్యమనింది. ఆ డబ్బా మీద కాచిందే పోసినా, తాగింది."